తారు మెత్తబడుతోంది.. దారి కుంగుతోంది!
మండుటెండల్లో రహదారులకు గాడులు
వేడిని ముందే లెక్కగడితేనే రోడ్డుకు ఆయుష్షు

పెద్దపల్లి: వేసవి వచ్చిందంటే రామగుండం పేరు వాతావరణ వార్తల్లో ముందు వరుసలో ఉంటుంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మనుషులు గొడుగు పట్టుకునో, చెట్టు నీడకు చేరో తలదాచుకుంటారు. రోడ్డుకు ఆ అవకాశం లేదు. ఎండలో మాడుతూనే బొగ్గు టిప్పర్ల, సిమెంటు లారీల బరువును మోయాలి. ఫలితంగా చక్రాలు నడిచే చోట తారు కుంగి పొడవాటి గాడులు పడుతుంటాయి. వాటిలో ముందుచక్రం చిక్కుకుని ద్విచక్ర వాహనదారులు అదుపు తప్పుతారు. వానాకాలంలో అవే గాడుల్లో నీరు నిలిచి బ్రేకులు వేసినా బండి ఆగదు.

2015 మే నెలలో ఢిల్లీలో రోడ్డుపై వేసిన జీబ్రా గీతలు తారుతో పాటు జారి వంకరలు తిరిగిన దృశ్యాలు దేశమంతటా చర్చకు వచ్చాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో వడగాలులకు వెయ్యి మందికి పైగా బలైన వేసవి కూడా అదే. నిజానికి రోడ్డు వేడి ఊహకు అందనిదేమీ కాదు. గాలి ఉష్ణోగ్రత తెలిస్తే తారు పొర ఎంత వేడెక్కుతుందో కాగితంపైనే లెక్కగట్టవచ్చు. ఆ లెక్కను పట్టించుకున్న రోడ్డు నిలుస్తుంది. పట్టించుకోనిది రెండు మూడు వేసవులకే కుంగుతుంది.

గాలి 44.. రోడ్డు 70!

వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో నమోదైనది. రోడ్డు పరిస్థితి వేరు. కొత్తగా వేసిన నల్లని తారు తనపై పడిన సూర్యకాంతిలో 90 శాతానికి పైగా పీల్చుకుంటుంది. అందులో కొంత వేడిని వీచే గాలి తీసుకుపోతుంది. కొంత తిరిగి ఆకాశంలోకి వెలువడుతుంది. మిగిలినది కంకర పొరల గుండా మెల్లగా కిందికి దిగుతుంది. ఈ జమాఖర్చుల్లో మిగులే రోడ్డు ఉష్ణోగ్రత. మధ్యాహ్నం పైపొర అత్యధికంగా వేడెక్కుతుంది. లోపలి పొరలకు ఆ వేడి చేరడానికి గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం పైపొర చల్లబడుతున్నా లోపల వేడి తగ్గదు.

ఇలా లెక్కిస్తారు

వాతావరణ నివేదికల ఆధారంగా రోడ్డు గరిష్ఠ ఉష్ణోగ్రతను గణించే పద్ధతిని 1957లో అమెరికా ఇంజినీరు బార్బర్ ప్రతిపాదించారు. అక్కడే 1987 నుంచి 1993 వరకు సాగిన వ్యూహాత్మక రహదారి పరిశోధన కార్యక్రమంలో మరింత సులువైన సూత్రం రూపొందింది. దీనికి రెండు అంకెలు చాలు. ఒకటి, ఏడాదిలో అత్యంత వేడిగా ఉన్న వరుస ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు. రెండోది, ఆ ఊరి అక్షాంశం. ఒక్కరోజు ఎండకు గాడి పడదు, వరుస ఎండల్లోనే నష్టం పేరుకుంటుంది కాబట్టి వారం సగటును తీసుకుంటారు.

రామగుండం అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు. వారం సగటు 44 డిగ్రీలు అనుకుందాం. అక్షాంశ వర్గాన్ని 0.00618తో గుణిస్తే 2.18 వస్తుంది. దీనిని 44లోంచి తీసివేయాలి. అక్షాంశాన్ని 0.2289తో గుణిస్తే వచ్చే 4.30ని, ఆపై 42.2ను కలపాలి. మొత్తం 88.32. దీనిని 0.9545తో గుణించి 17.78 తీసివేస్తే 66.5 మిగులుతుంది. అంటే రోడ్డు ఉపరితలానికి 20 మిల్లీమీటర్ల లోతున తారు పొర ఉష్ణోగ్రత 66.5 డిగ్రీలన్నమాట. ఇదే పద్ధతిలో ఉపరితలానికి లెక్కిస్తే 70 డిగ్రీలు దాటుతుంది.

ఈ సూత్రం ఉత్తర అమెరికా అనుభవం నుంచి పుట్టింది. మన గాలిలోని తేమ, దుమ్ము, మబ్బు వేరు. కనుక దీనిని తుది తీర్పుగా కాక తొలి అంచనాగా భావించాలి. వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతను కొలిచే తీగలను రోడ్డులో అమర్చి, ఏడాది పొడవునా నమోదు చేసి, ఆ కొలతలతో సూత్రాన్ని సరిదిద్దుకోవడం సరైన మార్గం. గంట గంటకూ మార్పు తెలియాలంటే రోడ్డును పలుచని పొరలుగా విభజించి, ఒక్కో పొరలోకి వచ్చే, పోయే వేడిని కంప్యూటరుతో లెక్కిస్తారు.

తారు గుణమే అంత

తారు ఇనుములా ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద కరిగే పదార్థం కాదు. చలిలో గాజులా పెళుసుగా, ఎండలో తేనెపాకంలా సాగుతూ ఉంటుంది. మన రోడ్లకు విరివిగా వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే స్థానం కనీసం 47 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. వీజీ-40కి అది 50 డిగ్రీలు. రోడ్డు 66 డిగ్రీలకు చేరిందంటే తారు ఆ హద్దు ఎప్పుడో దాటినట్టే. ఆ సమయంలో బరువును మోసేది ఒకదానికొకటి బిగుసుకున్న కంకర రాళ్లే. కంకర కూర్పు సరిగా లేకున్నా, తారు పాలు ఎక్కువైనా రాళ్లు జారి గాడి ఏర్పడుతుంది. మిశ్రమంలో గాలి ఖాళీలు 3 శాతం కన్నా తగ్గితే మెత్తబడిన తారుకు చోటు చాలక పైకి ఉబికి వస్తుంది. ఎండవేళ రోడ్డు నల్లగా మెరుస్తూ టైర్లకు అంటుకోవడానికి కారణమిదే.

మన దేశంలో 2006కు ముందు తారును 25 డిగ్రీల వద్ద సూది ఎంత లోతుకు దిగుతుందో చూసి వర్గీకరించేవారు. 80/100, 60/70 అన్న పాత పేర్లు అలా వచ్చినవే. 25 డిగ్రీల వద్ద ఒకేలా కనిపించే రెండు రకాలు నడివేసవిలో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. అందుకే 2006 నుంచి 60 డిగ్రీల వద్ద చిక్కదనాన్ని కొలిచే విధానం వచ్చింది. 2013 ప్రమాణం ప్రకారం వారం సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38-45 డిగ్రీల మధ్య ఉండే చోట వీజీ-30, 45 దాటే చోట వీజీ-40 అనువైనవి. భారీ వాహనాల తాకిడి అధికంగా ఉంటే పాలిమర్ కలిపిన తారును ఎంచుకుంటారు. 2019లో సవరించిన ప్రమాణంలో దీనిని 64, 70, 76, 82 డిగ్రీల తరగతులుగా విభజించారు. పై లెక్కలో 66.5 వచ్చింది కనుక 64 తరగతి చాలదు, 70 కావాలి. నిదానంగా సాగే బరువైన లారీల దారికి మరో మెట్టు పైకి వెళ్లి 76ను తీసుకోవడం మేలు.

నిలిచిన లారీతోనే ముప్పు

వేగంగా వెళ్లే వాహనం కన్నా మెల్లగా వెళ్లేది వేడి రోడ్డుకు ఎక్కువ హాని చేస్తుంది. చక్రం ఎంతసేపు నొక్కితే తారు అంతగా సాగుతుంది. కూడళ్లు, బస్టాపులు, తూకం కాటాల ముందు, ఎత్తు ఎక్కే చోట గాడులు తొందరగా కనిపించడం ఇందుకే. దీనికి అధిక లోడు తోడైతే చెప్పనక్కర్లేదు. ఇరుసు బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు పెరుగుతుందన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. నాలుగు టైర్లున్న ఒక్కో ఇరుసుకు అనుమతించే బరువును కేంద్రం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది.

రూపకల్పనలో ఎక్కడ తేడా?

భారత రహదారి కాంగ్రెస్ 2018 మార్గదర్శకాల ప్రకారం వీజీ-40తో వేసిన తారు పొర దృఢత్వం 20 డిగ్రీల వద్ద 6,000 మెగాపాస్కల్స్. 35 డిగ్రీల వద్ద అది 3,000, 40 వద్ద 2,000. ఇరవై డిగ్రీల వేడికే మూడింట రెండు వంతుల బలం తగ్గిపోతోంది. పొరల మందం నిర్ణయానికి సాధారణంగా 35 డిగ్రీలను ప్రాతిపదికగా తీసుకుంటారు. ఇది ఏడాది సగటుకు ప్రతీక మాత్రమే, మే నెల మధ్యాహ్నానికి కాదు. మందం లెక్క సరిపోయినంత మాత్రాన పైపొర వేసవిని తట్టుకుంటుందన్న భరోసా లేదు. తారు రకం, మిశ్రమం ఎంపికకు గరిష్ఠ ఉష్ణోగ్రతనే చూడాలి. గాడుల సగటు లోతు 20 మిల్లీమీటర్లకు చేరితే ఆ రోడ్డు విఫలమైనట్టే పరిగణిస్తారు.

ఎండ చేసే హాని అంతటితో ఆగదు. ఏళ్ల తరబడి వేడికి, గాలికి తారు జిగి కోల్పోయి గట్టిపడుతుంది. అప్పుడు పగుళ్లిస్తుంది. వాటిలోంచి వాన నీరు దిగి కింది మట్టిని నానబెడుతుంది. వేసవిలో మొదలైన నష్టం వానాకాలంలో గుంతగా బయటపడుతుంది.

పనివేళ గమనించాల్సినవి

* వీజీ-30 మిశ్రమాన్ని పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు, వీజీ-40 అయితే 150 డిగ్రీల వేడి ఉండాలి. టిప్పరుపై టార్పాలిన్ కప్పకుంటే దారిలోనే చల్లారుతుంది.

* రోలింగ్ వీజీ-30కి 90, వీజీ-40కి 100 డిగ్రీల లోపు చల్లారకముందే పూర్తి కావాలి. ఆ తరువాత ఎన్నిసార్లు తొక్కించినా రాళ్లు బిగుసుకోవు.

* కొత్త పొర లోపలి దాకా చల్లారక ముందే భారీ వాహనాలను వదిలితే తొలిరోజే గాడికి బీజం పడుతుంది.

* గాడి పడిన చోట పైపైన మరో పొర వేస్తే కింది లోపం అలాగే ఉంటుంది. మెత్తబడిన పొరను తొలగించి కొత్తది వేయాలి.

గాడులున్న దారిలో ద్విచక్ర వాహనదారులు వేగం తగ్గించాలి, గాడి అంచును ఏటవాలుగా దాటే ప్రయత్నం చేయరాదు. తమ ఊరికి రోడ్డు మంజూరైతే ఏ రకం తారు వాడుతున్నారు, ఏ ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకున్నారు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. ఏటా వచ్చే ఎండకు ఏటా ఆశ్చర్యపోవడం కన్నా, పని మొదలుకాకముందే ఆ రెండు ప్రశ్నలు వేయడం ప్రజాధనానికీ, ప్రాణాలకూ మేలు.