మీకు తెలుసా? మన తొలి మూకీలోని తల్లి తెలుగావిడ కాదు

తెలుగువాళ్లు తీసిన మొట్టమొదటి సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ అని క్విజ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. 1921 నాటి మూకీ అది. తీసింది మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకుని, అక్కణ్నుంచి సినిమాల్లోకి వచ్చిన రఘుపతి వెంకయ్య నాయుడు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా మచిలీపట్నంలాగే మా తిరువూరు కూడా కృష్ణా జిల్లాలోదే, కాబట్టి ఆయన మా జిల్లా మనిషి అని గర్వంగా చెప్పుకుంటాం. దర్శకత్వం చేసి, భీష్ముడి వేషం కూడా కట్టినవాడు ఆయన కొడుకు సూర్యప్రకాశ్. ఆ సినిమా పేరెత్తితే ఈ తండ్రీకొడుకుల సంగతే వస్తుంది. అందులో ఒక తల్లి ఉందని ఎవరికీ గుర్తుండదు.

ఆ తల్లి గంగ. కన్నబిడ్డలు ఏడుగురిని తన చేతులతోనే ఏట్లో వదిలింది. వసిష్ఠుడి శాపం తగిలి మనుషులుగా తన కడుపున పుట్టిన వసువులనే దేవతలకు ఆ జన్మ త్వరగా తీరిపోయేలా చూస్తానని మాటిచ్చింది మరి. ఎందుకిలా చేస్తున్నావని భర్త శంతనుడు అడగకూడదన్నది పెళ్లినాడే పెట్టిన షరతు. దాంతో ఏడు కాన్పుల కడుపుకోతనూ ఒక్కతే మింగింది, కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోకుండా. ఎనిమిదోసారి రాజు అడ్డుపడితే షరతు తప్పిందని బిడ్డతో సహా వెళ్లిపోయింది. ఆ బిడ్డే దేవవ్రతుడు, అంటే మన భీష్ముడు. పెంచి, విద్యలన్నీ నేర్పించి, తీరా చేతికందొచ్చిన కొడుకుని తండ్రికి అప్పగించి తాను తప్పుకుంది. మన పురాణాల్లో ఇంతగా త్యాగం చేసి, ఇంత తక్కువ పేరు తెచ్చుకున్న తల్లి ఇంకొకరు లేరని నా నమ్మకం. లోపలి బాధ పైకి చెప్పుకోలేని ఆమె కథకు మూకీ భలే కుదిరింది.

ఇంతకీ ఆ గంగ వేషం వేసిందెవరు? పెగ్గీ కాస్టెల్లో. పేరు చూస్తేనే తెలుస్తుంది, తెలుగింటి ఆడపడుచు కాదని. సంసార స్త్రీ ముఖానికి రంగు పూసుకోవడం తప్పనుకునే కాలం. ఒక్క మనకే కాదు, దేశమంతటా అదే పరిస్థితి. 1913లో దర్శకుడు ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు రాణి వేషానికి ఎంత వెతికినా ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు. చివరికి బొంబాయిలో ఒక హోటల్లో పనిచేసే సాళుంకే అనే కుర్రాడికి చీర కట్టించి రాణిని చేశారు. మనం చంద్రమతి అని పిలుచుకునే తల్లే ఆ రాణి. భర్త ఆడిన మాట కోసం అమ్ముడుపోయి, పాము కరిచిన కొడుకును మోసుకుని ఒంటరిగా కాటికి నడిచిన మనిషి. నాటకాల వైపు చూసినా అంతే. ‘భీష్మ ప్రతిజ్ఞ’ రావడానికి ఏడాది ముందే, 1920లో, బాపట్లలో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ పాత్రతో రంగం మీదికొచ్చిన యువకుడు స్థానం నరసింహారావు. స్త్రీ పాత్రల్లో ఆయనకు సాటి లేదనిపించుకున్నారు.

ఆయన ప్రతిభకు నేనూ చేతులెత్తి దండం పెడతాను. అయినా ఒకటి మనసును పట్టి పీడిస్తుంది. కడుపుకోత పడే తల్లుల కథలకు జనం కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆ కన్నీళ్లు తెలిసిన తెలుగు తల్లులను మాత్రం తెర మీదికి రానివ్వలేదు. ఇప్పుడు చూద్దామన్నా ‘భీష్మ ప్రతిజ్ఞ’ కాపీ ఒక్కటీ మిగల్లేదు.

మాటలొచ్చాక ఈ కథ మారింది. 1935లో పి. పుల్లయ్య ‘హరిశ్చంద్ర’ తీశారు. హరిశ్చంద్రుడు అద్దంకి శ్రీరామమూర్తి. చంద్రమతిగా నాటకరంగం నుంచి ఒక కొత్త నటి వచ్చింది, ఆమే కన్నాంబ. కాటి సీనులో కొడుకు కోసం తల్లి పడే శోకాన్ని సినిమా హాల్లో జనం ఒక తెలుగు ఆడమనిషి గొంతులో విన్నారు.