మ్యూజిక్ టీచర్ అవ్వాలనుకుంటున్నారా? పిల్లలు అడిగే నాలుగు ‘ఎందుకు’లు

ఈ ఎపిసోడ్ సంగీతం టీచర్ అవ్వాలనుకునే వాళ్ళ కోసం. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకి చదివేవాళ్ళు, ఇంటి దగ్గరే నలుగురు పిల్లలకి నేర్పుదాం అనుకునేవాళ్ళు, మీ అందరి కోసం.

మనం థియరీ అంతా బట్టీ పట్టేస్తాం. పన్నెండు స్వరస్థానాలు, పదహారు పేర్లు, 72 మేళకర్తలు అని గడగడా అప్పజెప్పేస్తాం. కానీ క్లాసులో ఎనిమిదేళ్ళ పాప “ఎందుకండీ?” అని అడిగితే? “అదంతే, పెద్దవాళ్ళు అలా పెట్టారు” అంటాం. రెండుసార్లు అలా అంటే చాలు, మూడోసారి ఆ పాప అడగదు. కొన్నాళ్ళకి క్లాసుకి రావడమే మానేస్తుంది. అందుకే ఈ రోజు నాలుగు ‘ఎందుకు’లకి జవాబులు చూద్దాం.

మొదటిది. “మీ సా ఒకలా ఉంది, నా సా ఇంకోలా ఉంది, ఎందుకు?”

మన సంగీతంలో షడ్జానికి ఇదే ఎత్తు అని రూలు లేదు. పాడేవాళ్ళ గొంతుకి ఏది హాయిగా ఉంటే అదే సా. మిగతా స్వరాలన్నీ దాన్నుంచే లెక్క. ఉదాహరణకి మీ సా 240 హెర్ట్జ్ అనుకుందాం. అంటే సెకనుకి 240 కంపనాలు. అప్పుడు పై సా, అంటే తార షడ్జం, సరిగ్గా రెట్టింపు, 480. పంచమం ఒకటిన్నర రెట్లు, 360. ఈ లెక్కలు ఇంత సులువుగా ఉంటాయి కాబట్టే సా, పా కలిపి మోగితే చెవికి ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఉంటుంది. తంబురాలో మామూలుగా ఆ రెండిటినే మీటుతాం.

కీబోర్డులో సి అనే తెల్ల మెట్టు మన ఒకటి శ్రుతి. దాని పక్క నల్ల మెట్టు ఒకటిన్నర. మగవాళ్ళు ఎక్కువగా ఈ ఒకటి, ఒకటిన్నర చుట్టూ పాడతారు. ఆడవాళ్ళు నాలుగున్నర, ఐదు, ఐదున్నర చుట్టూ. ఇప్పుడు ఆలోచించండి. టీచర్ తన గొంతుకి కుదిరిన శ్రుతి పెట్టుకుని క్లాసంతటినీ అందులోనే పాడమంటే ఏమవుతుంది? కొందరికి కింద అందదు, కొందరికి పైన అందదు. పాపం, పిల్ల గొంతు చించుకుంటుంది. చివరికి “నీకు గొంతు లేదమ్మా” అనే మాట పడుతుంది. నిజానికి గొంతు ఉంది, శ్రుతే ఆమెది కాదు. ఆ ఒక్క మాటతో జన్మలో మళ్ళీ నోరు తెరిచి పాడని వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

కాబట్టి మొదటి రోజు పాఠం కంటే ముందు ఒక్కొక్కళ్ళ శ్రుతి చూడండి. ఫోన్లో తంబురా యాప్ ఉంటే చాలు. కింద పంచమం, పైన తార షడ్జం రెండూ ఇబ్బంది లేకుండా అందుతున్నాయా? అదే వాళ్ళ శ్రుతి. అందరికీ ఒకటే పెట్టక తప్పదంటే పిల్లల శ్రుతి పెట్టండి, మీది కాదు. ఇంకోటి, పన్నెండు, పదమూడేళ్ళ దగ్గర మగపిల్లల గొంతు మారడం మొదలవుతుంది. నిన్నటిదాకా పాడిన వాడు ఇవాళ జీరపోతుంటే తిట్టకండి. శ్రుతి తగ్గించి చూడండి.

రెండోది. “ఉన్నవి పన్నెండు చోట్లయితే పదహారు పేర్లు ఎందుకు?”

దీనికి వీణ చూపించండి. వీణ లేకపోతే బొమ్మయినా చాలు. దాని మీద 24 మెట్లు ఉంటాయి. ఒక స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. సా, పా కదలవు. మధ్యమానికి రెండు చోట్లు. రి, గ, ద, ని లకి మూడేసి పేర్లు. కూడితే 1, 3, 3, 2, 1, 3, 3. మొత్తం పదహారు. కానీ నాలుగు చోట్ల ఒకే మెట్టుకి రెండేసి పేర్లు. చతుశ్రుతి రిషభం ఉన్న చోటే శుద్ధ గాంధారం. షట్శ్రుతి రిషభం ఉన్న చోటే సాధారణ గాంధారం. అలాగే చతుశ్రుతి ధైవతం, శుద్ధ నిషాదం ఒకటి. షట్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం ఒకటి. పదహారులో నాలుగు తీస్తే పన్నెండు. పిల్లలకి ఎలా చెప్పాలి? ఒకే మనిషిని ఇంట్లో ఒకరు బాబాయ్ అంటారు, ఇంకొకరు మావయ్య అంటారు. మనిషి ఒకడే, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి పిలుపు మారుతుంది. ఇదీ అంతే.

ఇక్కడే కొంచెం చరిత్ర. 17వ శతాబ్దం మొదట్లో తంజావూరుని రఘునాథ నాయకుడు ఏలాడు. తెలుగు కవి కూడా. ఆయన మంత్రి గోవింద దీక్షితులు. మెట్లు కదలకుండా మైనంతో బిగించిన 24 మెట్ల వీణ ఆ కాలంలోనే స్థిరపడిందని చెబుతారు. గోవింద దీక్షితుల కొడుకే వేంకటమఖి. ‘చతుర్దండి ప్రకాశిక’ రాసి, 72 మేళాల లెక్క చెప్పింది ఆయనే. లెక్క చాలా చిన్నది. రి, గ లు కలిసే పద్ధతులు ఆరు. ద, ని లవి కూడా ఆరు. ఆరు ఆర్లు 36. శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో ఇంకో 36. అంతే, 72. ఆయన కాలంలో వాడుకలో ఉన్నవని ఆయన చెప్పినవి 19 మేళాలే. మిగతావన్నీ లెక్కలో ముందు పుట్టాయి, తర్వాత నెమ్మదిగా పాటలోకి వచ్చాయి. ముందు వాయిద్యం, దాని మీద లెక్క, ఆ తర్వాత కొత్త రాగాలు. ఈ వరస చెబితే పిల్లలు 72ని బట్టీ పట్టక్కర్లేదు.

మూడోది. “మాయామాళవగౌళతోనే ఎందుకు మొదలు పెట్టాలి?”

సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఈ వరసంతా పురందరదాసు ఏర్పరిచాడని సంప్రదాయం. ఆయన కాలం 1484 నుంచి 1564. ఎందుకు ఈ రాగం అంటే, మెట్లు లెక్కపెట్టించండి. సా నుంచి రి ఒక మెట్టు. రి నుంచి గ మూడు. గ నుంచి మ ఒకటి. అంటే 1, 3, 1. ఇప్పుడు పా నుంచి మొదలెట్టండి. ద ఒకటి, ని మూడు, పై సా ఒకటి. మళ్ళీ 1, 3, 1! సగం వస్తే రెండో సగం వచ్చినట్టే.

తెలివైన పిల్లాడైతే “శంకరాభరణంలో కూడా రెండు సగాలూ ఒకటేగా?” అంటాడు. నిజమే, అక్కడ 2, 2, 1. కానీ అందులో మూడు మెట్ల దూరం లేదు. మాయామాళవగౌళలో చిన్న దూరం, పెద్ద దూరం పక్కపక్కనే ఉంటాయి. తేడా చెవికి తొందరగా పట్టుబడుతుంది. నేను ఇచ్చే జవాబు ఇదే.

పేరులో కూడా ఒక సరదా ఉంది. కటపయాది సూత్రం ప్రకారం ‘మా’ అంటే 5, ‘య’ అంటే 1. తిరగేస్తే 15. అదే మేళం నంబరు. అసలు రాగం పేరు మాళవగౌళ. నంబరు కుదరడానికి ముందు ‘మాయా’ తగిలించారు. మేచకల్యాణిలో ‘మే’ 5, ‘చ’ 6, తిరగేస్తే 65. పిల్లలకి దీన్ని ఆటలా ఆడించండి, పీరియడ్ అయిపోయినా లేవరు.

నాలుగోది. “పాడుతుంటే చెయ్యి ఎందుకు కొట్టుకోవాలి?”

ఆదితాళం ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఇది నాలుగు. తర్వాత దెబ్బ, తిప్పడం. మళ్ళీ దెబ్బ, తిప్పడం. 4, 2, 2. మొదటి సరళి చూడండి. సరిగమ, పద, నిస. ఎక్కేటప్పుడు ఎనిమిది స్వరాలు, దిగేటప్పుడు ఎనిమిది. తాళం, స్వరం అచ్చం ఒకదానిలో ఒకటి సరిపోతాయి. రెండో కాలంలో అక్షరానికి రెండు స్వరాలు, మూడో కాలంలో నాలుగు. ఇక్కడ అసలు విషయం ఏంటంటే, స్వరం వేగం పెరుగుతుంది కానీ చెయ్యి వేగం మారకూడదు. పిల్లలు స్వరంతో పాటు చేతిని కూడా పరిగెత్తిస్తారు. అప్పుడు పాట ఆపించి, ఉత్త తాళం వేయించండి. చెయ్యి గడియారం లాంటిది. మనం తొందరగా నడిచినంత మాత్రాన గడియారం తొందరగా తిరగదు కదా.

చివరగా ఒక్క మాట. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవాళ్ళే. అంత పెద్ద గాయకులు కూడా మొదటి మెట్టు ఎవరో ఒక టీచర్ దగ్గరే ఎక్కారు. మీ క్లాసులో కూర్చున్న పిల్లల్లో అందరూ గాయకులు కారు. కాకపోయినా ఫర్వాలేదు. కానీ “నాకు సంగీతం రాదు” అని కాకుండా “నాకు సంగీతం తెలుసు” అంటూ బయటికి వెళ్ళడం మాత్రం మీ చేతుల్లో ఉంది.

ఈ వారం ఒక పని చెయ్యండి. ఇంట్లో ముగ్గురిని కూర్చోబెట్టి వాళ్ళ శ్రుతి కనుక్కోండి. పుస్తకంలో రాయండి. టీచర్‌గా మీ మొదటి పాఠం అదే. వచ్చే ఎపిసోడ్‌లో ఐదు జాతులు, 35 తాళాలు ఎలా వచ్చాయో చూద్దాం. ఉంటాను మరి, సెలవు.