పరారుణ తాపన ఫలకాలు: యారాడ ఇంటి పైకప్పు నేపథ్యంలో ఒక పరిశీలన

గదిని వేడిచేసే సాధనాలలో పరారుణ తాపన ఫలకం నిర్మాణరీత్యా సరళమైనది. గోడకో కప్పుకో బిగించిన పలుచని పలక విద్యుత్తుతో సుమారు 90 డిగ్రీల వరకు వేడెక్కి, ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఎదుటనున్న మనుషులపైకి, వస్తువులపైకి ప్రసరింపజేస్తుంది. మధ్యనున్న గాలిని అది నేరుగా వేడిచేయదు. చలిదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీని ప్రయోజనం ఇంటి ఖర్చుకు సంబంధించిన ప్రశ్న. విశాఖపట్నంలో, డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలివైపున ఉన్న యారాడలో ఆ ప్రశ్నకు తావే లేదనిపిస్తుంది. జనవరి రాత్రులలో సైతం అక్కడ ఉష్ణోగ్రత సగటున 18 డిగ్రీల దరిదాపుల్లో ఆగుతుంది, దుప్పటి చాలు. అయితే అక్కడి పక్కా ఇళ్లలో పరారుణ ఫలకం లేని ఇల్లంటూ లేదు. సిమెంటు శ్లాబే ఆ ఫలకం.

ముందుగా అసలు ఫలకం సంగతి. దాని సామర్థ్యం నూరు శాతమన్న ప్రచారం అబద్ధం కాదు, కానీ అందులో విశేషం లేదు. ఒక యూనిట్ విద్యుత్తు ఏ తీగచుట్ట హీటరులోనైనా ఒక యూనిట్ వేడిగానే మారుతుంది. బయటి గాలిలోని వేడిని లోనికి తోడే హీట్ పంపు అదే యూనిట్‌తో దాదాపు మూడు యూనిట్ల వేడినిస్తుంది. ఫలకానికున్న నిజమైన అనుకూలత వేరొకచోట ఉంది. శరీరానికి తెలిసే వెచ్చదనం గాలి ఉష్ణోగ్రతపైనా, చుట్టూ ఉన్న ఉపరితలాల ఉష్ణోగ్రతపైనా ఆధారపడుతుంది. గాలి కదలిక స్వల్పమైనప్పుడు ఈ రెండింటి సరాసరిని లెక్కలోకి తీసుకుంటారు. గాలి 17 డిగ్రీలున్నా పరిసర ఉపరితలాల సగటు 23 అయితే, మనిషికి 20 డిగ్రీల గదిలో ఉన్నట్లే ఉంటుంది. కాబట్టి రోజుకు గంటో రెండు గంటలో వాడే గదికి ఫలకం తగినదే. గ్యాసు కంటే విద్యుత్తు యూనిట్ ధర సుమారు నాలుగు రెట్లున్న బ్రిటన్ వంటి చోట, ఇల్లంతటికీ రోజంతా దీనిపైనే ఆధారపడటం నష్టం.

ఉమ్మడి విశాఖ జిల్లాలోనే దీనికి తగిన చోటు లేకపోలేదు. చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతకాలపు వేకువన ఉష్ణోగ్రత కొన్నిసార్లు సున్నా దరిదాపులకు పడిపోతుంది. సందుల గుండా గాలి దూరే ఇంట్లో గాలిని వేడిచేయడం వృథా. మనిషిని వేడిచేయడమే మేలు. చలిమంట చేసే పనీ ప్రధానంగా ఇదే. ఎదురుగా ఉన్న మొహం కాలుతుండగా వీపు వణకడం వికిరణ లక్షణం. ఫలకం ఎదుట కూర్చున్నవారికీ కొంతమేర ఇదే అనుభవం.

ఇక యారాడ శ్లాబు. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తిని తెస్తుంది. పూత లేని సిమెంటు కప్పు అందులో 700 వాట్ల వరకు గ్రహిస్తుంది. ఆ వేడి లోపలివైపుకు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది గనుక, ఎండ తగ్గాకే కప్పు అడుగుభాగం మండుతుంది. అది 42 డిగ్రీలకు చేరిందనీ, గదిలోని గోడలూ మనుషులూ 34 డిగ్రీల వద్ద ఉన్నారనీ అనుకుందాం. స్టీఫన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం, ఉద్గారతను 0.9గా తీసుకుంటే, చదరపు మీటరుకు దాదాపు 49 వాట్ల నికర వికిరణం కిందికి దిగుతుంది. 10 చదరపు మీటర్ల గదికి అది 490 వాట్లు. అంటే మధ్యస్థాయి తాపన ఫలకం ఒకటి వేసవి సాయంత్రాలలో తలపై వెలుగుతున్నట్లే, మీటరు తిరగకుండా. తరంగదైర్ఘ్యంలోనూ రెండూ దగ్గరి బంధువులే: 90 డిగ్రీల ఫలకం 8 మైక్రోమీటర్ల వద్ద, 42 డిగ్రీల శ్లాబు 9 మైక్రోమీటర్ల వద్ద గరిష్ఠంగా ప్రసరిస్తాయి.

ఫ్యాను ఈ కిరణాలను ఆపలేదు. చెమటను ఆర్చి ఉపశమనం మాత్రమే ఇస్తుంది, సముద్రతీరపు తేమలో అదీ అంతంతమాత్రమే. కప్పు అడుగున తెల్లరంగు వేయడం వల్లా లాభం లేదు. కంటికి తెలుపైన సున్నం పరారుణ కిరణాలకు తెలుపు కాదు. దాని ఉద్గారత కూడా 0.9 దగ్గరే ఉంటుంది. మెరిసే అల్యూమినియం రేకు పొర ఉద్గారత 0.05 వరకు తగ్గుతుంది గానీ, దుమ్మూ ఉప్పుగాలీ ఆ మెరుపును ఎంతకాలం నిలవనిస్తాయన్నది సందేహమే. అదే సున్నం కప్పు పైభాగాన వేస్తే కథ మారుతుంది: ఎండలో సుమారు నాలుగింట మూడువంతులు తిరిగిపోతుంది, 700 వాట్లు 250కి దిగుతాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానానికి ఆధారమూ ఈ భౌతికశాస్త్రమే.

తాటాకు కప్పు ఎండను ఇంతకంటే బాగా ఆపేది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు తేలిక కప్పులకేమైందో తీరవాసులకు తెలుసు. గాలికి నిలిచేది శ్లాబే. దానిని వదులుకొమ్మనడం సబబు కాదు. పైగా లంబసింగిలో నిర్మలాకాశం రాత్రిపూట నేల వేడిని పీల్చుకుపోయినట్లు, యారాడ ఆకాశం కప్పు వేడిని పీల్చదు. గాలిలోని నీటి ఆవిరి పరారుణ వికిరణంలో కొంత తిరిగి కిందికే పంపుతుంది. రాత్రి చల్లబడటం మందగించే చోట పగటి ఎండను పైనే తిప్పికొట్టడం మరింత అవసరం. ఆ సున్నాన్ని వానాకాలం కడిగివేస్తుంది కాబట్టి, ఏటా ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనో మార్చిలోనో, మళ్లీ వేయవలసి ఉంటుంది.