తెరమీది ఆప్తులు

మహానగరంలో మనుషులకు కొదవ లేదు, పలకరింపుకే కొదవ. లిఫ్టులో రోజూ కలిసే పొరుగాయన పేరు మనలో ఎందరికి తెలుసు? అభిమాన తార పుట్టినరోజు మాత్రం కంఠతా వచ్చు. ఇది పిల్లల వింత మాత్రమే కాదు, పెద్దలమైన మనకూ ఉన్నదే.

అమెరికాలో ఇది పాత కథే. 1940ల చివర 'లోన్‌సమ్ గాల్' అనే రేడియో కార్యక్రమం మొదలైంది. జీన్ కింగ్ అనే ఆమె పేరు దాచుకొని, నలుగురిలోకి వస్తే ముఖానికి మాస్కు వేసుకొని, వినే ప్రతి మగవాడితోనూ అతనొక్కడే తన ఆప్తుడన్నట్టు మాట్లాడేది. శ్రోతలు కుప్పలుగా ఉత్తరాలు రాశారు. 1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు తమ వ్యాసంలో ఈ కార్యక్రమాన్ని ఉదాహరించి, ఇటువంటి చనువును 'పారాసోషల్' అన్నారు. చనువంతా ఒకవైపే, అవతలివారికి మనం ఉన్నట్టే తెలియదు. అయితే వారు దీన్ని జబ్బుగా జమకట్టలేదు. నలుగురితో మెలగడానికి తోడుగా ఉన్నంతవరకు ఫర్వాలేదు, దానికి బదులుగా నిలిస్తేనే చిక్కు అన్నారు.

మన ఊళ్ళలో రామారావు, నాగేశ్వరరావుల అభిమానులు ఏం తక్కువ తిన్నారు? కానీ ఆ పిచ్చి పదిమందిలో ఉండేది. టిక్కెట్ల దగ్గర తోపులాట, హాల్లో ఈలలు, టీ కొట్టు దగ్గర వాదాలు. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని తగువులాడినా, తగువుకైనా పక్కన ఒక మనిషి ఉండేవాడు. ఇక్కడ ఆ పదిమందీ లేరు. ఆఫీసు నుంచి వచ్చి తలుపు వేసుకుంటే మిగిలేది చేతిలో ఫోను, అందులో నవ్వే ముఖం. ఆ ముఖం అలసట మరిపిస్తుంది, నిజమే. కానీ జ్వరం వస్తే చారు కాచి తెచ్చేది ఆ ముఖం కాదు.

2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి ఒంటరితనాన్ని ప్రజారోగ్య సమస్యగా పేర్కొంటూ హెచ్చరిక పత్రం వెలువరించారు. కనుక దీన్ని నవ్వి వదిలేయరాదు.

పిల్లల గదిలో బొమ్మలు చూసి కసరుకోవద్దు. ఆ పాటలో ఏం నచ్చిందో అడిగి, పక్కన కూర్చుని మనమూ విందాం. మన ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న విద్యార్థులను, ఉద్యోగస్థులను కొత్త సినిమా చూసే రోజున ఇంటికి పిలుద్దాం. సినిమా బాగుండకపోయినా నష్టం లేదు. తిట్టుకుంటూ కలిసి భోంచేయవచ్చు.