పద్నాలుగు వేల అడుగుల మజిలీకి ముందు

2023 జులై రెండవ వారం. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి ప్రాంతంలో, సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున, చంద్రతాల్ సరస్సు సమీపంలోని గుడారాలలో దాదాపు 300 మంది యాత్రికులు విడిసి ఉన్నారు. నడివేసవి విహారమనుకొని వెళ్లిన వారిపై ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. రోడ్డు మూసుకుపోయింది. ఆరోగ్యం క్షీణించిన కొందరిని వైమానిక దళ హెలికాప్టరులో కిందికి చేర్చవలసి వచ్చింది. తక్కినవారు బయటపడడానికి రోజులు పట్టింది. రోడ్డు మీది మంచును తొలగించి దారి చేసిన తరువాత గాని వారి వాహనాలు కదలలేదు.

అటువంటి చోట చిక్కుపడినప్పుడు జీపు ఎంత ఖరీదైనదన్న ప్రశ్న ఉదయించదు. కప్పుకోవడానికి ఏమున్నది? ఇంకా ఎన్ని పూటలకు తిండి ఉన్నది? రాత్రి నుంచి తలనొప్పిగా ఉన్నదన్న మనిషి ఇప్పుడెలా ఉన్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానాలు కొండమీద తయారు కావు. బయలుదేరడానికి నెలరోజుల ముందే ఇంటి దగ్గర తయారు కావాలి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పన్నెండుమంది మిత్రులు నాలుగు జీపులలో స్పితి యాత్రకు సిద్ధమవుతున్నారనుకుందాం. వారి మొదటి సమావేశంలో చర్చంతా సాధారణంగా వాహనాల చుట్టూ తిరుగుతుంది. ఏ టైర్లు మంచివి, జీపు కప్పు మీద బిగించే గుడారం కొనాలా వద్దా, అదనపు దీపాలు ఎన్ని ఉండాలి? సరదా అయిన చర్చే. కాని అసలు సన్నాహం పంచాంగంతో మొదలవుతుంది. ఎత్తుకు ఎన్ని రోజులలో ఎక్కాలన్నదే తక్కిన నిర్ణయాలన్నింటినీ శాసిస్తుంది.

తెలుగునాట పుట్టి పెరిగిన వారికి ఎత్తు అంటే ఏమిటో అనుభవంలో లేదు. అరకు లోయ ఎత్తు వెయ్యి మీటర్లకు లోపు. తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరం సైతం 1,700 మీటర్లను దాటదు. చంద్రతాల్ దగ్గర గాలి పీడనం సముద్రతీరంలోని దానిలో నూటికి అరవై పాళ్లు మాత్రమే. గాలిలో ప్రాణవాయువు నిష్పత్తి మారదు. కాని గాలే పలచబడినందువల్ల ఒక్కొక్క శ్వాసతో ఊపిరితిత్తులకు అందేది ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. శ్వాస వేగం పెరుగుతుంది, దానివల్ల రక్తంలో మారిన రసాయనిక సమతుల్యాన్ని మూత్రపిండాలు క్రమంగా సరిదిద్దుతాయి. ఈ సర్దుబాటుకు గంటలు చాలవు, రోజులు కావాలి.

ఈ సంగతిని ప్రపంచానికి వివరంగా తెలిపినవారిలో భారత సైనిక వైద్యులు అగ్రగణ్యులు. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల నుంచి వేలాది సైనికులను హఠాత్తుగా హిమాలయాలకు తరలించవలసి వచ్చింది. శత్రువు తూటా తగలకుండానే పలువురు కుప్పకూలారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులలో ఈ పర్వత అస్వస్థతను పరిశీలించి, 1969లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన వ్యాసం నేటికీ వైద్యులకు ప్రమాణగ్రంథం వంటిది. సైన్యం నేర్చిన ఆ పాఠమే నియమంగా స్థిరపడింది. జవాను 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, ఆపై 15,000 అడుగుల వరకు 4 రోజులు, అంతకు మించి వెళ్లాలంటే మరో 4 రోజులు శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. కసరత్తు చేసి కండలు తిరిగిన జవానుకే ఇన్ని రోజులు కావలసివస్తే, ఆఫీసు కుర్చీలోంచి లేచి వచ్చిన వారి సంగతి చెప్పనక్కరలేదు.

యాత్రికులకు వైద్యులు చెప్పే సూత్రం కొంత సులువైనది. 3,000 మీటర్లు దాటిన తరువాత, నిద్రించే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకచోటనే ఆగి విశ్రమించాలి. పగటిపూట ఇంకా పైకి వెళ్లి రావచ్చు, లెక్కకు వచ్చేది రాత్రి తలవాల్చే చోటే.

ఈ సూత్రంతో పటం ముందు కూర్చుంటే దారి దానంతటదే తేలుతుంది. స్పితికి రెండు మార్గాలున్నవి. మనాలి నుంచి వెళ్లేది దగ్గరి దారి. 2020లో అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత మరింత సులువయింది. అయితే మనాలి ఎత్తు 2,050 మీటర్లు. అక్కడ ఉదయం కాఫీ తాగినవారు అదే సాయంత్రం 4,300 మీటర్ల ఎత్తున గుడారం వేస్తారు. సిమ్లా మీదుగా కిన్నౌర్ లోయ గుండా సాగేది చుట్టుదారి. నార్కండా, కల్పా, 996లో నెలకొల్పిన బౌద్ధారామం గల టాబో, ఆపైన సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉన్న కాజా. ఈ దారిలో కొండ మనిషిని మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోతుంది. కాజాలో మూడు రాత్రులు గడుపుతూ, పగలు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న హిక్కిమ్ తపాలా కార్యాలయం నుంచి ఇంటికి ఉత్తరం వేసి కిందికి దిగి వస్తే, చంద్రతాల్‌కు శరీరం సిద్ధమవుతుంది. సిమ్లా మీదుగా ఎక్కి మనాలి మీదుగా దిగడం మేలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. సెలవు నాలుగు రోజులే దొరికిందంటే, స్పితిని మరో ఏటికి వాయిదా వేసుకోవడమే వివేకం.

గుంపుగా వెళ్లడంలో బలమున్నది, ఒక ప్రమాదమూ ఉన్నది. తన మూలంగా పదకొండు మంది ప్రయాణం చెడుతుందేమోనన్న మొహమాటంతో మనిషి తలనొప్పిని దాచుకుంటాడు. యువకులు, వ్యాయామం చేసేవారు ఈ అస్వస్థతకు అతీతులు కారు. తమ సత్తా మీది నమ్మకంతో తొందరపడేది తరచు వారే. కనుక బయలుదేరక ముందే ఒక ఒప్పందం కుదరాలి. ప్రతి సాయంత్రమూ, ప్రతి ఉదయమూ ఒకరు అందరినీ అడుగుతారు: తలనొప్పి ఉన్నదా? వాంతి వచ్చేలా ఉన్నదా? నిద్ర పట్టిందా? లక్షణాలున్నవారు ఆ రోజు పైకి వెళ్లరు. కూర్చున్నచోటనే ఆయాసం, విడవని దగ్గు, తడబడే నడక, పొంతనలేని మాట కనిపిస్తే చర్చ అనవసరం. అర్ధరాత్రి అయినా సరే కిందికి దింపి, ఆసుపత్రికి చేర్చాలి. సిలిండరులోని ప్రాణవాయువు ఆ ప్రయాణానికి ఊతమే గాని దానికి ప్రత్యామ్నాయం కాదు. అందువల్ల నాలుగు జీపులలో ఒకటి ఎప్పుడూ కిందివైపు ముఖం పెట్టి, ట్యాంకులో ఇంధనంతో సిద్ధంగా ఉండాలి. దానిని నడపవలసిన వ్యక్తి ఆ రాత్రి మద్యం ముట్టడు. నిజానికి ఎత్తులో తొలి రోజులలో మద్యమూ, నిద్రమాత్రలూ ఎవరికీ పనికిరావు.

గుండెజబ్బు, ఉబ్బసం, రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు ముందుగా వైద్యుని సంప్రదించాలి. ఎసిటజోలమైడ్ అనే మందు శరీరం అలవాటు పడడానికి తోడ్పడుతుంది. అదీ వైద్యుడు చెబితేనే వేసుకోవాలి.

ఇక వాహనం. గాలి పలచబడితే ఇంజను కూడా మనిషి లాగే ఆయాసపడుతుంది; టర్బో ఉన్న ఇంజను కొంత నయం. గ్రాంఫూ నుంచి కుంజుమ్ కనుమ వైపు వెళ్లే దారిలో రాళ్లు, వాగులు ఎక్కువ. జీపు నేలకు ఎత్తుగా ఉండాలి, నాలుగు చక్రాలకూ శక్తి అందాలి. స్టెప్నీ ఒకటి చాలదు. పంక్చరు సామాను, గాలి పంపు, లాగే తాడు, దానిని తగిలించే గట్టి కొక్కేలు ఉండాలి. తాడును బంపరుకు కట్టి లాగితే బంపరు ఊడి చేతికి వస్తుంది గాని జీపు కదలదు. ఇవన్నీ వాడడం నేర్చుకోవలసింది ఊరి బయటి చెరువుగట్టున, ఒక ఆదివారం నాడు.

వాగుల విషయంలో గడియారమే గురువు. మధ్యాహ్నపు ఎండకు హిమానీనదాలు కరిగి, ఉదయం చీలమండ లోతున పారిన నీరు సాయంత్రానికి మోకాలు దాటుతుంది. ఆ దారిలో ఒక వాగును స్థానికులు పాగల్ నాలా, అంటే పిచ్చివాగు, అని పిలుస్తారు. అందుచేత చీకటితోనే లేచి బయలుదేరాలి. ఒక్కొక్క జీపే దాటాలి. తక్కినవారు ఒడ్డున తాడు పట్టుకొని నిలబడాలి.

వంట దగ్గర మన ఆడంబరాలు సాగవు. ఆ ఎత్తున నీరు సుమారు 86 డిగ్రీలకే మరుగుతుంది. ఎంతసేపు ఉడికించినా మామూలు గిన్నెలో అన్నం పలుకు పోదు, పప్పు మెదగదు. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ఆకలి కూడా మందగిస్తుంది. నానబెడితే చాలే అటుకులు, రవ్వ ఉప్మా, సున్నుండలు, వేరుశనగ ఉండలు అక్కడ అక్కరకు వస్తాయి. అనుకున్నదానికి మించి రెండు రోజుల తిండి విడిగా మూటకట్టి, దానిని ఎవరూ ముట్టకుండా ఒకరికి అప్పగించాలి.

చలి పైనుంచే కాక నేలలోనుంచి కూడా వస్తుంది. మందపాటి దుప్పటి కన్నా కింద పరిచే మంచి చాప ముఖ్యం. మూసిన గుడారంలో బొగ్గుల కుంపటి గాని స్టవ్ గాని వెలిగించి నిద్రపోరాదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గుడారాలను సరస్సు ఒడ్డున వేయనివ్వరు. చంద్రతాల్ 2005 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద రక్షిత చిత్తడి నేల. విడిదులు కొన్ని కిలోమీటర్ల ఇవతలే. చెత్తనంతా జీపులోనే వెనక్కు తేవాలి. సెల్‌ఫోను సంకేతాన్ని నమ్ముకోరాదు. ఉపగ్రహ ఫోను ఉంటే బాగుండుననిపిస్తుంది గాని, ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడడం మన దేశంలో నేరం. ఎన్నో తేదీ నాటికి మనాలి చేరుతారో ఇంట్లోవారికి, కాజాలో బసచేసిన చోట రాసి ఇచ్చి వెళ్లాలి.

ఆ తేదీకి, తిరుగు రైలు టికెట్టు తేదీకి మధ్య రెండు రోజులు ఖాళీగా ఉంచాలి. టికెట్టు కోసం మంచులో కనుమ దాటబోయే డ్రైవరును ఆపగలిగినవి ఆ రెండు రోజులే.