ఆకర నిర్దేశము - చీటీల క్రమము

మల్లినాథసూరి తన వ్యాఖ్యానముల ఆదియందే మూలము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసినాడు. ఆ ప్రతిజ్ఞకు ఆయన చూపిన సాక్ష్యము పెక్కుచోట్ల 'ఇత్యమరః', 'ఇతి విశ్వః', 'ఇతి యాదవః' అనునంతమాత్రమే. కాండ వర్గ సంఖ్యలు లేవు. అది లోపము కాదు. నాటి పాఠకునకు అమరము కంఠస్థము. పేరు విన్నంతనే స్థలము స్ఫురించెడిది. నేటి విద్యార్థికి కంఠమున అమరము లేదు, చేత అచ్చుప్రతి కలదు. కావున లఘుసిద్ధాంతవ్యాసమున గ్రంథనామము మాత్రము చెప్పి ఊరకుండుట ఆకరము చూపినట్లు కానేరదు.

సంఖ్య వేసినంతనే పని తీరదు. యణ్ సంధిని విధించు సూత్రము అష్టాధ్యాయిలో 6-1-77, సిద్ధాంతకౌముదిలో 47, లఘుకౌముదిలో 15. భగవద్గీత పదుమూడవ అధ్యాయారంభమున కొన్ని ప్రతులలో అర్జునుని ప్రశ్నశ్లోక మొకటి యున్నది. శంకరభాష్యానుసారి ప్రతులలో లేదు. ఆ యొక్క శ్లోకముచేత అధ్యాయమంతట సంఖ్య ఒకటి చొప్పున జరుగును. భారతము సంగతి మఱింత చిక్కు. పుణె భండార్కర్ సంస్థ 1933-1966 నడుమ ప్రకటించిన సంశోధిత ప్రతిలో, దాక్షిణాత్య పాఠమునందలి శ్లోకములు పెక్కు మూలమునుండి తొలగి అధోజ్ఞాపికలలోనికిని, అనుబంధములలోనికిని పోయినవి. కుంభకోణము ప్రతి చదివిన విద్యార్థి 'శాంతిపర్వము' అని మాత్రము వ్రాయును. పరీక్షకుడు పుణె ప్రతిలో వెదకి కానక, శ్లోకము కల్పితమని తలచును. నిజము వ్రాసినవాడే అసత్యవాది యగును. అచ్చుప్రతిపేరు, ముద్రణసంవత్సరము చేర్చినచో ఈ ఆపద లేదు.

తాళపత్రముల విషయమున, మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత భాండాగారమున 'డి' వరుస వేఱు, 'ఆర్' వరుస వేఱు. అక్షరము విడిచి అంకె మాత్రము వ్రాసినచో మఱియొక గ్రంథము చేతికి వచ్చును. ఆకున కొక్కటే సంఖ్య గనుక ముందువైపో వెనుకవైపో చెప్పవలెను.

ఇవన్నియు వ్యాసము ముగిసిన పిదప వెదకి చేర్చవలసినవి కావు. చీటీ తీసినప్పుడే, మూలవాక్యమునకు ముందుగా, ఆకరము వ్రాయవలెను. ఒక చీటీపై ఒకే విషయముండవలెను. అప్పుడే ప్రకరణము మార్చినను చీటీ కదలింపవచ్చును. నోటుపుస్తకమున వరుసగా వ్రాసినవాని కీ వెసులుబాటు లేదు. చీటీలో నున్నది యథామూలమా, సంగ్రహమా, స్వాభిప్రాయమా అనునది గుర్తుతో తెలుపుట అన్నిటికంటె ముఖ్యము. గుర్తు లేనిచో ఆఱునెలలకు పరుల వాక్యము తనదిగా తోచును. పరిశోధనలో చౌర్యము దురుద్దేశముచేతనే గాక ఈ మఱపుచేతను కలుగుచున్నది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దార్థహరణములను మూడధ్యాయములలో విచారించి కవులకు కొంత వెసులుబాటు ఇచ్చినాడు. శాస్త్రవ్యాసకర్తకు అది చెల్లదు.

మఱియొక దోషము పరోక్షోద్ధరణము. 1885 నాటి శబ్దరత్నాకరమున ప్రయోగమును చూచి, కావ్యమునే చూచినట్లు వ్రాయువారు కలరు. నిఘంటువున సంకేతాక్షరములతో నిచ్చిన ఆశ్వాససంఖ్య అట్లే వ్యాసమున దిగును; ముద్రణదోషమున్న అదియు దిగును. మూలము దొరకనప్పుడు 'శబ్దరత్నాకరమున ఉదాహృతము' అని వ్రాయుట చిన్నతనము కాదు. మౌఖికపరీక్షలో పద్యమునకు పూర్వాపరసందర్భ మడిగినప్పుడు, అట్లు వ్రాసినవాడు నిఘంటువును చూపగలడు. వ్రాయనివాడు మూలకావ్యమునకే సమాధానము చెప్పవలసివచ్చును.