మోకాలడ్డిన మోకాలు

మన భాషలో మోకాలికి వచ్చినంత చెడ్డపేరు మరే అవయవానికీ రాలేదు. శుభమా అని ఒక పని తలపెడితే దానికి అడ్డం తగిలినవాణ్ణి “మోకాలడ్డాడు” అంటాం. పొంతన లేని మాట చెప్పినవాడు “బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టాడు” అంటాం. బొత్తిగా తెలివితక్కువవాడికి మెదడు మోకాళ్లలో ఉందంటాం. పాపం, ఒళ్లంతటి బరువూ మోసేది అదే, ఇన్ని నిందలు మోసేదీ అదే! అటువంటి మోకాలు నడివయసులో ఒకనాడు కక్ష తీర్చుకుంటే ఆశ్చర్యపడవలసింది ఏముంది?

ప్రబంధాలు పాఠం చెప్పుకొనేవాడికి కీళ్ల సంగతి ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను వైద్యుణ్ణి కాను. కాని దెబ్బతిన్న మోకాలితో ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నాను. పైగా మా బోటి వాళ్ల ఇళ్లలో చీలమండ బెణికిన కోడలు, భుజం పట్టేసిన మామగారు, స్కూటరు మీంచి పడి మోకాలు తిప్పుకున్న కొడుకు — వీళ్లలో ఎవరో ఒకరు లేని ఇల్లు ఉండదు. వీళ్లందరిదీ ఒకటే సమస్య: నొప్పి ఉంది, డబ్బు లేదు.

నా మోకాలి కథ రెండు మాటల్లో చెబుతాను. ఎం.ఏ. చదివే రోజుల్లో కబడ్డీ కూతకు వెళ్లి గిరుక్కున వెనక్కు తిరిగాను. ఒళ్లు తిరిగింది గాని పాదం తిరగలేదు. లోపల ఏదో టప్పుమంది. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత అయింది. మా అమ్మ చింతపండూ ఉప్పూ కలిపి పట్టు వేసింది. కట్టు కట్టారు. నెల తిరిగేసరికి వాపు తీసి నడక వచ్చింది. నలభై దాటాక మెట్లు దిగుతూంటే మోకాలు జారిపోతున్నట్లు అనిపించడం మొదలైంది. మా కాలేజీ వారు తెలుగు మీద గౌరవంతో కాబోలు, మా శాఖను రెండో అంతస్తులో పెట్టారు! రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగాలి.

ఎముకల డాక్టరుగారు కాలు అటూ ఇటూ లాగి చూసి, మోకాటి లోపలి లిగమెంటు ఒకటి ఎప్పుడో తెగిందని చెప్పారు. ఆపరేషను చేయించుకోవచ్చు, లక్షన్నర దాకా అవుతుందన్నారు. నేను పనిచేసేది ఒక ప్రైవేటు కాలేజీ. అక్కడ జీతం నెలనెలా వచ్చేది కాదు, వచ్చినప్పుడు వచ్చేది. ఆ ఏడే మా అమ్మాయి ఇంజనీరింగులో చేరింది. ఇంటికి వచ్చి సంగతి చెబితే మా ఆవిడ మాట్లాడకుండా తన చేతి గాజుల వంక చూసుకుంది. “కాలుకంటే గాజులు ఎక్కువా అండీ?” అంది. ఆ మాటకు నాకు మోకాలికంటె గుండెలో ఎక్కువ కలుక్కుమంది.

డాక్టరుగారు మంచివారు. “ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం కాదు. తొడ కండలు పెంచండి. ఎట్లా పెంచాలో ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో చూపిస్తారు. మూడు నెలలు చేసి అప్పుడు రండి” అన్నారు. ఆ మూడు నెలలే నాకు ఈ నాలుగు ముక్కలు నేర్పాయి.

కండకూ కీలుకూ సంబంధం

కీలు అనేది రెండు ఎముకలు కలిసే చోటు. ఎముకల కొసల మీద నున్నని మృదులాస్థి ఉంటుంది. జనం “గుజ్జు” అనేది దీన్నే. ఎముకను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు లిగమెంట్లు. వీటన్నిటినీ బయటినుంచి కాపాడే కాపలాదార్లు కండలు.

దెబ్బ తగిలి కీలు వాచిందంటే నరాలు ఒక విచిత్రమైన పని చేస్తాయి. కీలును కదలనివ్వకూడదని కాబోలు, దాని చుట్టూ ఉన్న కండ పూర్తి బలంతో బిగుసుకోకుండా అడ్డుకుంటాయి. మోకాలికి దెబ్బ తగిలిన కొద్ది వారాలకే తొడ చిక్కిపోవడం అందుకే. వాపు పోయినా కండ తనంతట తాను తిరిగి రాదు. కాపలా లేని కీలు నొప్పి పెడుతుంది. నొప్పి వల్ల మనిషి కదలడు. కదలకపోతే కండ ఇంకా చిక్కిపోతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. తెగిన లిగమెంటును మనం ఇంట్లో కూర్చుని కుట్టుకోలేం. నొప్పిని మాత్రలతో కొన్నాళ్లు అణచవచ్చు గాని, అవి నెలల తరబడి మింగితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు. మన చేతిలో ఉన్నది కండ ఒక్కటే.

ఇంకొక సంగతి. ఆ గుజ్జుకు రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగట ద్రవం నుంచే అది ఆహారం తీసుకోవాలి. స్పాంజిని నొక్కి వదిలితే నీరు పీల్చుకున్నట్లు, కీలు మీద బరువు పడుతూ తీస్తూ ఉంటేనే ఆ ద్రవం దానిలోకి వెళ్లి వస్తుంది. “అరిగిపోతుంది, కదలకండి” అని ఇరుగుపొరుగులు చెప్పే సలహా అందుకే చెల్లదు.

మట్టిముద్ద నుంచి రాయి దాకా

ఇది నిన్న మొన్న సీమనుంచి దిగిన విద్య అనుకోకండి. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకూ, తొలగిన కీళ్లకూ చికిత్స చెప్పిన భాగం ఉంది. అందులో చేతికి దెబ్బ తగిలినవాడు మొదట మట్టిముద్ద పట్టుకోవాలనీ, తరువాత ఉప్పుగల్లు పట్టుకోవాలనీ, చేతికి బలం వచ్చిన మీదట రాయి పట్టుకోవాలనీ చెప్పాడు. మెత్తనిదానితో మొదలుపెట్టి గట్టిదాకా, తేలికనుంచి బరువుదాకా!

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలోని ఒక సైనికాసుపత్రిలో థామస్ డిలార్మ్ అనే డాక్టరు మోకాళ్లు దెబ్బతిన్న సిపాయిలకు మెల్లమెల్లగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించి, 1945లో ఆ సంగతులు ప్రకటించాడు. అప్పటిదాకా తేలికపాటి కదలికలే చాలుననే భావన ఉండేది. డిలార్మ్ దాన్ని మార్చాడు. సుశ్రుతుని పేరు ఆయన విన్నాడో లేదో గాని, ఇద్దరూ చెప్పింది ఒక్కటే: బరువు క్రమంగా పెరగాలి.

ఆపరేషను లేకుండా వ్యాయామం ఎంతవరకు పనిచేస్తుంది? 2010లో స్వీడన్ వైద్యులు ఒక పరిశీలన వెల్లడించారు. నాలాగే మోకాటి లోపలి లిగమెంటు తెగిన 121 మంది యువతీయువకులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వ్యాయామంతో పాటు వెంటనే ఆపరేషను. రెండో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమని తేలితేనే ఆపరేషను. రెండేళ్ల తరువాత చూస్తే రెండు జట్ల మోకాళ్ల బాగోగుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులో 59 మంది ఉంటే, ఐదేళ్లు గడిచేసరికి 30 మంది ఆపరేషను చేయించుకున్నారు. తక్కినవారికి ఆ అవసరం రాలేదు. అంటే వ్యాయామం సర్వరోగ నివారిణి కాదు. కాని కత్తి పట్టేముందు దానికొక అవకాశం ఇవ్వడం తెలివైన పనే.

ఇంట్లో సరంజామా

దీనికి కావలసినవి ఒక తుండుగుడ్డ, చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, ఒక గోడ, ఒక మెట్టు. మెట్టు అంటే గడప కాదు సుమండీ! గడప తొక్కితే మా అమ్మ ఊరుకోదు. వీధరుగు మెట్టు చాలు.

మొదటిది: కాళ్లు చాపుకు కూర్చుని, చుట్టిన తుండుగుడ్డ మోకాలి కింద పెట్టి, దాన్ని నేలకేసి అదమండి. తొడ బిగుస్తుంది. అయిదు లెక్కపెట్టి వదలండి. ఇట్లా పదిసార్లు. మోకాలు వాచి ఉన్న రోజుల్లో కూడ సాధారణంగా చేయగలిగింది ఇదే.

రెండవది: వెల్లకిలా పడుకుని, మంచి కాలు మడిచి, దెబ్బకాలు బిగించి నిటారుగా జానెడున్నర ఎత్తండి. మెల్లగా దించండి. పది సార్లు సులువైన మీదట చీలమండకు అర కిలో ఇసుక పోసి కుట్టిన సంచీ కట్టుకోండి.

మూడవది: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. లేచేదానికంటె కూర్చునేదే నిదానంగా ఉండాలి. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

నాలుగవది: మెట్టు ఎక్కడం, దిగడం. గోడ పట్టుకోవచ్చు. మోకాలు లోపలికి వాలకుండా కాలి వేళ్ల వైపే చూడాలి.

ఐదవది: గోడ పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడడం. పిక్కలకు బలం.

ఆరవది: ఒంటికాలి మీద నిలబడడం. పళ్లు తోముకునేటప్పుడు చేస్తే వేరే టైము కేటాయించనక్కర లేదు. మొదట్లో గోడ దగ్గర ఉండాలి. మాటిమాటికీ బెణికే చీలమండకు ఇది గొప్ప మందు. ఒకసారి బెణికిన చోట కాలు ఎటు వాలుతున్నదో నరాలకు సరిగా తెలియదు. ఈ అభ్యాసం ఆ తెలివిని తిరిగి నేర్పుతుంది. నేను దీన్ని మొదలుపెట్టిన రోజు మా పక్కింటాయన గోడమీంచి చూసి, “మాస్టారూ, తపస్సా?” అని అడిగారు. ఒక విధంగా తపస్సే.

భుజం పట్టేసినవారు బల్ల మీద ఒక చేయి ఆనించి ముందుకు వంగి, రెండో చేతిని గడియారపు లోలకంలా వేలాడదీసి ఊపుకోవాలి. తరువాత గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. రోజూ ఎంతవరకు వెళ్లిందో సుద్దతో గీత పెట్టుకుంటే మరునాడు ఉత్సాహం ఉంటుంది.

బలానికి సంబంధించినవి వారానికి మూడు రోజులు చాలు. కండ పెరిగేది విశ్రాంతిలోనే. తక్కిన రోజులు నడక. ఒక్కొక్కటి పది చొప్పున మూడు విడతలు. మూడు నెలలకు ముందు ఫలితం లెక్క కట్టకండి.

నొప్పితో బేరం

“నొప్పి పుడితే ఆపెయ్యాలా?” అని అందరూ అడిగే ప్రశ్న. నొప్పికి సున్న నుంచి పది దాకా మార్కులు వేయండి. మేము పరీక్ష పేపర్లు దిద్దినట్టే! నాలుగు లోపల ఉంటే ఫరవాలేదు. మరునాటి ఉదయానికి ఆ నొప్పి మామూలు స్థితికి రావాలి. రాకపోయినా, మోకాలు కొత్తగా వాచినా, ముందుసారి సగానికి తగ్గించండి. మానేయకండి. తగ్గించడం వేరు, మానడం వేరు.

ఒంటి బరువు సంగతి కూడ చెప్పాలి. లావుగా ఉండి మోకాళ్లు అరిగిన పెద్దవారిని పరిశీలించి 2005లో అమెరికా పరిశోధకులు చెప్పిన లెక్క ఇది: ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఈ లెక్క చెప్పిన రోజు మా ఆవిడ పులిహోర రెండోసారి వడ్డించడం మానేసింది.

నా సంగతి అడుగుతారేమో. నాలుగో నెలలో మెట్లు దిగుతూంటే మోకాలు జారడం మానేసింది. గొంతుక్కూర్చోవడం ఇప్పటికీ కష్టమే. కబడ్డీ చూస్తానే గాని ఆడను. డాక్టరుగారు మళ్లీ పరీక్షించి, “సాగనివ్వండి” అన్నారు. గాజులు మా ఆవిడ చేతికే ఉన్నాయి.

డబ్బు దాచకూడని వేళలు

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక చేయకపోతే అపచారం. కొన్ని గుర్తులు కనిపిస్తే వ్యాయామం పక్కన పెట్టి, అప్పుచేసి అయినా, ప్రభుత్వాసుపత్రికి అయినా వెళ్లాలి. కొత్త దెబ్బ తగిలి నాలుగడుగులు కూడ వేయలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు. మోకాలు మడత దగ్గర ఇరుక్కుని చాపరాకపోతే లోపల ఏదో అడ్డుపడి ఉండవచ్చు. కీలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే చీము పట్టిందేమో చూడాలి. అది గంటల వ్యవహారం, రోజులది కాదు. పిక్క వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. కాలో చేయో తిమ్మిరెక్కి పట్టు తప్పినా, భుజం మాటిమాటికీ జారుతున్నా, ఎంత బలం పెంచినా మోకాలు దారి మధ్యలో కూలబడుతున్నా డాక్టరు చూడవలసిందే. జారే మోకాలును అట్లాగే వదిలితే లోపలి మెత్తలు చిరుగుతాయి.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి రోజూ వెళ్లే స్తోమత లేనివారు ఒక్కసారైనా వెళ్లి, తమ ఎదుట చేసి చూపించమని అడిగి, తాము చేస్తుండగా తప్పులు దిద్దించుకుని రావాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రులలో ఆ విభాగం ఉంటుంది. చీటీ ఖర్చు, బస్సు చార్జీ, ఒక పూట సెలవు — అంతే.

పేదవాడి కోపం పెదవికి చేటు అన్నారు పెద్దలు. మధ్యతరగతివాడి కీలు నొప్పి ఇంటిల్లిపాదికీ చేటు. ఇంటాయన మంచాన పడితే జీతం ఆగుతుంది, ఇల్లాలు మంచాన పడితే ఇల్లే ఆగుతుంది. కనుక రేపు ఉదయం కాఫీ పొయ్యి మీద మరిగేలోపల ఒంటికాలి మీద నిలబడి ముప్పై లెక్కపెట్టి చూడండి. ఇరవై దగ్గరే తూలితే దిగులుపడకండి. మీది ఇంకా మట్టిముద్ద దశ. ఉప్పుగల్లు, రాయి ముందున్నాయి.